బుగ్గలో రెండు గంటలు

పోయిన వారం నికనోర తార్కిని లా పాజ్‌లోని విమాన ప్రమాదాల విచారణ కార్యాలయంలో, మూడో అంతస్తు వరండాలో, ఒక కాలు పొట్టిదైన బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, వారమంతా అక్కడే ఉంది. ఈ వారమే కథలో అడుగుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆమెను లోపలికి పంపిద్దాం.

అయిదు వారాల కిందట ఎల్ ఆల్తో నుంచి త్రినిదాద్‌కి బయలుదేరిన డోన్ ఫ్రోయిలాన్ అనే ఆసామి కంపెనీ సరుకు విమానం, ఇంధనం అయిపోయి, బేని గడ్డిమైదానంలో పొట్ట మీద పడింది. అందులో ఉన్నది ముగ్గురు. కెప్టెన్‌ తల పగిలింది, ఈనాటికీ కళ్ళు తెరవలేదు. రెండో పైలట్ లిదియ కొందో, ఇరవై ఏడేళ్ళ పిల్ల, చెయ్యి విరగ్గొట్టుకుంది. మూడో మనిషి ఆ పిల్ల తల్లి నికనోర. ఎల్ ఆల్తో సంతలో ఎండు బంగాళాదుంపలు అమ్ముకునే ఈమె, త్రినిదాద్‌లో ఉన్న ఆడపడుచుకు ఎనిమిది మూటలు చేరవేద్దామని, ఆ మూటల మధ్యనే కూర్చుని జీవితంలో మొదటిసారి విమానం ఎక్కింది. రేడియో దారిలోనే మూగబోయింది. పశువుల కాపర్లు సాయంత్రానికి గానీ ఆ విమానాన్ని చూడలేదు. కాబట్టి అది ఎన్నింటికి నేల మీద పడిందో ఏ కాగితంలోనూ లేదు.

కంపెనీ ఏమంటుందంటే, లిదియ ట్యాంకులు నింపించకుండానే నింపించినట్టు రాసుకుంది, గంట తిరక్కుండా ఇంధనం అయిపోయింది, తప్పంతా ఆ పిల్లదే. లిదియ ఏమంటుందంటే, ఇంధనం సరిగ్గానే పోయించాను, కానీ విమానం తిన్నగా త్రినిదాద్ పోలేదు, యజమాని ఆజ్ఞ ప్రకారం ఆయన పశువుల ఎస్టేటు మీదికి పోయి, వాన తెరిపి ఇస్తుందేమోనని చక్కర్లు కొట్టి, రెండు గంటలు గాలిలోనే ఉండిపోయింది. గంటా, రెండు గంటలా? ఆ పిల్ల ఇక ఎప్పటికైనా విమానం నడుపుతుందా, జైలుకు పోతుందా అన్నది ఈ ఒక్క ప్రశ్నలో ఉంది.

లోపల గోడకి పెద్ద పటం తగిలించి ఉంది. దాని మీద రెండు చుక్కలు, ఆ రెంటినీ కలుపుతూ స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత. పటం పక్కన కంపెనీ లాయరు డాక్టర్ ఒర్మచేయా, నల్ల సూటు, మెరిసే బూట్లు. ఎదురుగా విచారణాధికారి ఇంజనీర్ అలనోకా, మాటలు పొదుపుగా వాడే సన్నపాటి మనిషి. ఒక మూల కట్టు కట్టిన చేతితో లిదియ.

నికనోర గుండ్రటి టోపీ సర్దుకుని, కుచ్చుల పరికిణీ చక్కబెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆ పరికిణీ కుర్చీకి రెండు పక్కలా పొంగి నిండింది. అది చూసి లాయరు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు కొత్త కాదు. బ్యాంకులో, ఆసుపత్రిలో, లిదియని చేర్చుకోవడానికి వెళ్ళిన పైలట్ల బడిలో, ప్రతి చోటా ఆ నవ్వే.

"ఏమ్మా, చదువుకున్నావా?" అని మొదలుపెట్టాడు.

"లేదు. మీరు చదువుకున్నట్టున్నారు కదా, పెద్దవాళ్ళని 'మీరు' అనాలని ఆ చదువులో లేదా, డాక్టర్?"

పక్క బల్ల దగ్గర వాంగ్మూలం రాసుకుంటున్న గుమాస్తా దగ్గు నటించాడు. అలనోకా తల ఎత్తకుండానే, "డోన్యా నికనోర అని పిలవండి," అన్నాడు.

"సరే, డోన్యా నికనోర గారూ." ఆ 'గారు'ని లాయరు బూటు కింద మట్టిలా రాల్చాడు. "ఇదిగో, ఇది ఎల్ ఆల్తో విమానాశ్రయం. ఇది త్రినిదాద్ విమానాశ్రయం. మధ్య దూరం నాలుగు వందల కిలోమీటర్లకి రెండు తక్కువ. ఈ రకం విమానానికి గంటా అయిదు నిమిషాల ప్రయాణం. ఇది నా మాట కాదు, పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం విమానం ఎక్కిందా?"

"ఏమిటీ?"

"నేనెక్కాను. పుస్తకం ఎక్కలేదు. స్కేలు పెట్టి గీత గీస్తే గీతకి కొండ అడ్డం రాదు, వాన అడ్డం రాదు, యజమాని గొడ్లూ అడ్డం రావు. మేం గీత మీద పోలేదయ్యా."

"మీకు వాచీ ఉందా?"

"లేదు."

"సూర్యుణ్ణి చూసి చెబుతున్నారా?"

"ఆ రోజు మబ్బు. సూర్యుడు ఎక్కడ కనిపించాడు?"

"మరి రెండు గంటలని ఎలా చెబుతున్నారు?" లాయరు చేతులు రెండూ చాపి గది మొత్తాన్నీ సాక్ష్యానికి పిలిచాడు.

"రెండు గంటలని నేనెప్పుడన్నాను? గంటలు మా అమ్మాయి లెక్క. నాకు రెండు కొకాదలు అయినయ్, మూడోది సగం దాటింది. అంతే నేను చెప్పేది."

ఎల్ ఆల్తో పీఠభూమిలో పుట్టినవాళ్ళెవరికీ ఇది విడమరచనక్కర్లేదు. కోకా ఆకు బుగ్గన పెట్టింది మొదలు దాని రుచి చచ్చేదాకా ఒక కొకాద. ఫలానా ఊరెంత దూరమంటే నికనోర నాన్న మూడు కొకాదలు అనేవాడు, గాడిద మీద బరువుంటే నాలుగు అనేవాడు. ఆ లెక్కన బయలుదేరినవాడు ఎప్పుడూ దారిలో చీకటి పడేలా నడిచింది లేదు.

డాక్టర్ ఒర్మచేయా మాత్రం కడుపారా నవ్వాడు. "ఇంజనీర్ గారూ, రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం చూశాను, మైళ్ళలో కొలవడం చూశాను. ఉమ్మిలో కొలవడం ఇదే చూడ్డం!"

గుమాస్తా నవ్వాడు. తలుపు దగ్గర పోలీసు నవ్వాడు. నికనోరకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె లాయరు ముందున్న గాజు కప్పు వైపు వేలు చూపించింది.

"మీరు తాగుతున్నదేమిటి?"

లాయరు కప్పు వైపు చూశాడు. పొగలు కక్కుతున్న నీళ్ళ మీద పచ్చటి ఆకులు నాలుగు తేలుతున్నాయి. ఆ ఊళ్ళో మెట్లెక్కి ఆయాసపడే ప్రతి పెద్దమనిషి ముందూ ఉండే కోకా కషాయమే.

"మీ వేన్నీళ్ళలో పడితే మర్యాద, మా బుగ్గలో పడితే ఉమ్మా? ఆకు అదే కదయ్యా! మా అమ్మ, అమ్మమ్మ గనుల్లో దీని మీదే బతికారు. మీ తాతలు షిఫ్టు ఎంతసేపో దీంతోనే కొలిచి మా చేత పని చేయించుకున్నారు. అప్పుడు కొలత సరిగ్గానే ఉంది, ఇప్పుడు నా కూతురి దగ్గరికి వచ్చేసరికి ఉమ్మయిందా?"

గదిలో నవ్వులు ఆగిపోయాయి. మూల నుంచి లిదియ గొంతు వినిపించింది.

"అమ్మా, ఇంక చాల్లే. ఇక్కడితో వదిలెయ్."

నికనోర తిరిగి చూసింది. పొద్దున బస్సులో కూడా ఇదే మాట. అడిగినదానికే చెప్పమ్మా, ఎక్కువ మాట్లాడకు. విమానం నడిపే కూతురికి బుగ్గన ఆకు పెట్టుకునే తల్లి సిగ్గయిందేమో అనుకుంది నికనోర. ఆ అనుకోవడం లాయరు నవ్వు కంటే లోతుగా గుచ్చుకుంది. నీ కోసమే కదే ఇంతమందిలో తిట్లు తింటున్నాను అని నోటిదాకా వచ్చింది, మింగేసింది.

అలనోకా ఫైలు తిరగేస్తూ, "పోలీసుల జాబితా. పదిహేడో వస్తువు," అన్నాడు. గుమాస్తా చదివాడు.

"సాక్షి నడుముకి కట్టుకున్న నేత గుడ్డలో, ముడి వేసి, నమిలిన ఆకు ముద్దలు, మూడు."

"నమిలినవి కాదు," అంది నికనోర. "నమిలేవి మేకలు. మేం బుగ్గన పెట్టి ఊరనిస్తాం."

పొట్లం తెప్పించారు. ప్రమాదం జరిగిన రోజు వేసిన లక్క ముద్ర చెక్కు చెదరలేదు. ముద్ర పగలగొడితే మూడు ముద్దలు బయటపడ్డాయి. రెండు ఎండి, పీచుగా, సారం పోయి తెల్లబారి ఉన్నాయి. మూడోది ఎండినా ఇంకా పచ్చగానే ఉంది, ఆకు ఈనెలు విడివిడిగా తెలుస్తున్నాయి. లాయరు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"వీటిని ఎందుకు దాచారు?" అలనోకా అడిగాడు.

"దాచలేదు బాబూ. కొండ దాటినప్పుడు కనుమ దగ్గర రాళ్ళ కుప్ప మీద వదలాలి కదా, మన అలసటంతా అక్కడే దింపుకుని, కొండని సెలవడగాలి. విమానం కిటికీ తెరుచుకోదని మా అమ్మాయి చెప్పింది. కొండ మీదుగా పోతూ ఏమీ వదలకపోతే మర్యాద కాదు. అందుకని ముడి వేసుకున్నాను, తిరుగు దారిలో బస్సు దిగి వదులుదామని."

అలనోకా ఆ ముద్దల వంక చాలాసేపు చూశాడు. ఆ చూపులో అసహ్యం లేదు. అతనికి ఆ రాళ్ళ కుప్పలు తెలుసని నికనోరకి అర్థమైంది.

"మూడు ముద్దలున్నాయి, ఒప్పుకుంటాను," అన్నాడు లాయరు. "ఒక్కొక్కటి ఎంతసేపో ఎవరు చెప్పాలి? భయమేస్తే పది నిమిషాలకొకటి మార్చి ఉండొచ్చు."

"అయితే ఇప్పుడే చూసుకోండి. ఆ గడియారం మీద ఏదైనా కప్పండి. మీ వాచీలు మీ దగ్గరే పెట్టుకోండి. నేను ఒక ముద్ద పెట్టుకుంటాను. అయిపోయినప్పుడు చెబుతాను."

"కూర్చుని మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటారు!"

"అయితే లెక్కపెట్టుకోనీకుండా ప్రశ్నలడుగుతూ ఉండండి. మీకు చేతనైన పని అదే కదా."

అలనోకా తన వాచీలో టైము చూసి దాన్ని సొరుగులో పెట్టి, లేచి, కోటు తీసి గోడ గడియారం మీద వేశాడు. నికనోర సంచిలోంచి మంచి ఆకులు మూడు ఏరి, ఇల్లిమాని కొండ పేరు చెప్పి వాటి మీద ఊది, తక్కిన ఆకులతో కలిపి, ఆకు రసం ఊరడానికి బూడిద బిళ్ళ కొరికి బుగ్గన పెట్టుకుంది. కుడి బుగ్గ గుండ్రంగా లేచింది.

ఇక లాయరు ప్రశ్నల మీద ప్రశ్నలు. మూటలెన్ని? ఏ పక్క కూర్చున్నారు? ఎవరు తలుపు వేశారు? కెప్టెన్ తాగి ఉన్నాడా? అన్నిటికీ ఆమె నింపాదిగా, కాస్త ముద్దగా జవాబు చెప్పింది. ఎగిరిన కాసేపటికి మంచుకొండలు రెక్క కిందికి వచ్చాయి. కొండలు అయిపోయి, మబ్బులు వచ్చి, మబ్బుల కింద పచ్చటి అడవి వచ్చాక మొదటి ముద్ద రుచి పోయింది. రెండోది పెట్టుకున్నాక కెప్టెన్‌తో రేడియోలో ఎవరో అరిచి మాట్లాడారు. ఆ తర్వాత విమానం ఒక పక్కకి ఒరిగి తిరిగింది.

"ఎటు తిరిగిందో మీకెలా తెలుసు?"

"అప్పటిదాకా వెలుతురు నా ముఖాన ఉంది. తర్వాత వీపు మీదికి వచ్చింది."

"మబ్బన్నారు!"

"మబ్బయితే గుడ్డిచీకటా, డాక్టర్? వెలుతురు ఉంటుంది."

కింద ఎర్ర పెంకుల పెద్ద ఇల్లు కనబడింది. దొడ్డి నిండా తెల్ల గొడ్లు. పక్కన విమానం దిగే బాట, దాని మీద నీళ్ళు నిలిచి అద్దంలా ఉంది. ఆ ఇంటి మీద విమానం గుండ్రంగా తిరిగింది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ. ఆరుసార్లు ఆ ఎర్ర ఇల్లు కిటికీలోకి వచ్చి పోయింది. "పెనం మీద రొట్టెని తిప్పినట్టు తిప్పారు బాబూ. నాకు కడుపులో తిప్పింది. మా అమ్మాయి 'ఇంక చాలు కెప్టెన్, ఇంధనం చూడండి' అంది. నా చెవులతో విన్నాను. ఆయన 'డోన్ ఫ్రోయిలాన్ ఆగమన్నాడు, ఆయన మాట మీరి నేను పోలేను' అన్నాడు. రెండో ముద్ద అక్కడే, ఆ ఇంటి మీదే అయిపోయింది."

గుమాస్తా వంచిన తల ఎత్తకుండా రాస్తున్నాడు. లాయరు ఇంకా అడుగుతూనే ఉన్నాడు, అడిగిందే అడుగుతున్నాడు, గొంతు పెంచుతున్నాడు. ఆ ఇల్లు ఎవరిదో మీకెవరు చెప్పారు? గొడ్లు తెల్లవే అని ఎలా? మీ అమ్మాయి ఇవన్నీ నేర్పించిందా? ఒక ప్రశ్న మధ్యలో నికనోర చెయ్యి ఎత్తి ఆపింది. బుగ్గలోంచి ముద్ద తీసి గుడ్డలో పెట్టుకుంది.

"అయింది."

అలనోకా సొరుగులోంచి వాచీ తీసి చూశాడు. "నలభై ఆరు నిమిషాలు."

అలనోకా పెన్సిలు తీసుకుని ఏదో వేసుకున్నాడు, కొట్టేశాడు, మళ్ళీ వేసుకున్నాడు. "రెండూ, మూడోదాంట్లో సగం పైన. రాసుకోండి. విమానం గాలిలో ఉన్నది రెండు గంటలకి దగ్గర దగ్గర. అటు ఇటు పది నిమిషాలు. లిదియ గారు రాసుకున్న ఇంధనంతో అంతసేపే వస్తుంది. అంటే ఇంధనం పోయించారు."

ముప్ఫై ఏళ్ళుగా ఆఫీసుల్లో ఎవరూ నికనోర మాటని కాగితం మీద పెట్టింది లేదు. ఇవాళ పెట్టారు. కూతురి వంక గర్వంగా చూసింది.

లిదియ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

లాయరు కూడా గొడవ చేయలేదు. తాపీగా కప్పులో మిగిలిన కషాయం తాగాడు. తోలు సంచి తెరిచి ఒక కాగితం బయటికి తీశాడు.

"ఒప్పుకుంటున్నాను ఇంజనీర్ గారూ. రెండు గంటలే. ఇది చూపించకూడదనే అనుకున్నాను. చిన్న పిల్ల, బతుకు పాడవుతుందని జాలిపడ్డాను. తల్లే పట్టుబట్టి రుజువు చేసింది, ఇక నేనేం చేసేది? ఇది ఆ రోజు పొద్దున రాసిన దారి మార్పు కాగితం. ఎస్టేటు మీదుగా వెళ్ళడం రెండో పైలట్ కోరిక మీదనే అని, అదనపు ఇంధనం అక్కర్లేదని ఉంది. డోన్ ఫ్రోయిలాన్ గారికి ఈ సంగతి తెలియనే తెలియదు. ఇటు తల్లి మూటలు, అటు ఎస్టేటులో ఎవరితోనో సొంత బేరం. విమానం గంటలో పడి ఉంటే అది పొరపాటు, లైసెన్సుతో పోయేది. రెండు గంటలు తిరిగి పడిందంటే, తెలిసి చేసిన నేరం. అవతల కెప్టెన్ చావుబతుకుల్లో ఉన్నాడు."

కాగితం అడుగున సంతకం ఉంది. నికనోరకి చదవడం రాదు గానీ ఆ సంతకం తెలుసు. అందరూ తండ్రి పేరుతో ఆపేసే చోట ఆ పిల్ల తల్లి పేరు కూడా పూర్తిగా రాస్తుంది.

"నీదేనా?" అంది.

"నాదేనమ్మా." లిదియ లేచి నిలబడింది. "కానీ అందులో అప్పుడు ఒక్క అక్షరం లేదు. ఖాళీ కాగితం. ఎల్ ఆల్తోలో గాలి పలచన, బరువు ఎక్కువైతే విమానం లేవదు. నిన్నూ నీ మూటల్నీ ఎక్కించుకోవాలంటే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళమన్నాడు కంపెనీ మేనేజరు. బరువు సంగతి తర్వాత రాసుకుంటానన్నాడు. నువ్వు ఎంత ఆశపడ్డావో... పెట్టేశాను."

నికనోర కుర్చీ చెయ్యి పట్టుకుంది. చాల్లే అమ్మా, వదిలెయ్ అని ఆ పిల్ల ఎందుకంటోందో ఇప్పుడు తెలిసింది. సిగ్గుపడి కాదు. లోపల పాము ఉందని తెలిసి తల్లిని పుట్టలో చెయ్యి పెట్టనివ్వకూడదనుకుంది, అంతే. ఎంత దుర్మార్గం! పిల్ల ప్రేమనే తాడు చేసి పిల్ల మెడకే వేశారు.

"ఖాళీ కాగితమని అందరూ అంటారు," అన్నాడు లాయరు.

అలనోకా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "లిదియ గారూ, మీరు సంతకం పెట్టడం ఎవరైనా చూశారా?"

"మేనేజరు, నేను..." లిదియ తడబడింది. "అమ్మ ఉంది. కాటా దగ్గరే. మూట మీద పెట్టి సంతకం చేశాను."

అందరి తలలూ నికనోర వైపు తిరిగాయి.

కాటా గుర్తుంది. మూట గుర్తుంది. కూతురు తన మూట మీదికి వంగడం గుర్తుంది. కాగితం మాత్రం ఆమె చూడలేదు. ఆ క్షణాన రెండో మూటకి తాడు తెగితే అటు తిరిగి ముడి వేసుకుంటోంది. చూడలేదంటే పిల్ల జైలుకు పోతుంది. ఇందాకటి నుంచి ఈ గదిలో ఆమె సాధించినదంతా, ఆ ముద్దలూ, ఆ ఎర్ర ఇల్లూ, ఆ నలభై ఆరు నిమిషాలూ, ఆమె అబద్ధం ఆడదు అన్న ఒక్క నమ్మకం మీద నిలబడి ఉన్నాయి.

"డోన్యా నికనోర," అన్నాడు అలనోకా మెల్లగా, "మీరు చూశారా?"

నికనోర టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చూశాను. ఖాళీ కాగితమే."

లాయరు ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలోని కాగితాన్ని మడిచి వెనక్కి దాచుకున్నాడు. మొదటిసారిగా, ఎంతో మర్యాదగా అడిగాడు.

"నా దగ్గరున్నది నకలు, తెల్లగా ఉంది. అసలు కాగితం తెలుపు కాదు. మీరు చూశారు కదమ్మా. అది ఏ రంగు?"